సుబ్బారావు గారి హెచ్-ఇండెక్స్

మా కాలేజీలో ఏటా ఒకసారి ఒక ఎక్సెల్ షీటు తిరుగుతుంది. పేరు, డిపార్ట్‌మెంటు, మొత్తం పరిశోధన పేపర్లు, ఫస్ట్ ఆథర్‌గా ఎన్ని, కరెస్పాండింగ్ ఆథర్‌గా ఎన్ని, స్కోపస్‌లో (పరిశోధన పేపర్ల డేటాబేసు) ఎన్ని, సైటేషన్లు (మన పేపర్ని వేరేవాళ్ళు తమ పేపర్లలో ఉదహరించినవి) ఎన్ని, హెచ్-ఇండెక్స్ ఎంత. సాయంత్రం అయిదింటిలోపు నింపి పంపాలి. ఈసారి నా వరుస నింపేశాక కింద ఖాళీ వరుస కనబడితే చెయ్యి ఊరుకోలేదు. "యల్లాప్రగడ సుబ్బారావు" అని కొట్టాను. ఎప్పుడో 1948లో పోయిన మన తెలుగు శాస్త్రవేత్త. పక్క గడిలో బయోకెమిస్ట్రీ అని కొట్టాను. ఆ తరవాత ఆగిపోయాను.

తెలియనివాళ్ళ కోసం: హెచ్-ఇండెక్స్ అనేది హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో ప్రతిపాదించిన లెక్క. మీరు రాసిన వాటిలో పది పేపర్లని తలా పదిసార్లయినా ఎవరో ఒకరు ఉదహరించి ఉంటే మీ హెచ్ పది. అంతే. ఒక్క పేపర్ని పదివేలసార్లు ఉదహరించి, మిగతావాటిని ఎవరూ ముట్టకపోతే మీ హెచ్ ఒకటి.

సుబ్బారావు గారి విషయంలో మొదటి తంటా పేరుతోనే. మనం ఇంటిపేరు ముందు రాసుకుంటాం. డేటాబేసులేమో చివరి మాటే ఇంటిపేరనుకుంటాయి. అలా ఆయన సూచికల్లో 'సుబ్బారో, వై.' అయిపోయారు. ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయింది, అమ్మానాన్నా పెట్టిన పేరు వంశం పేరై కూర్చుంది. (అమెరికా వీసాకి అప్లై చేసిన తెలుగువాళ్ళెవరికీ ఇది కొత్త బాధ కాదు.)

నేను ఎమ్మెస్సీలో చేరిన కొత్తలో మా మాస్టారు రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే ప్రాక్టికల్ని "ఫిస్కే-సబ్బరో మెథడ్" అనేవారు. సబ్బరో అంటే ఎవరో ఇటలీ ఆయన అనుకున్నాను. రెండు నెలలపాటు అలాగే రికార్డులో రాశాను కూడా. ఒకరోజు లైబ్రరీలో పాత పుస్తకంలో పూర్తి పేరు చూసి, భీమవరంలో 1895లో పుట్టిన మనిషి అని తెలిసి సిగ్గుపడ్డాను. మా అమ్మమ్మ వాళ్ళది భీమవరం పక్కనే.

ఆ ప్రాక్టికల్ ఇప్పుడు నేనే చేయిస్తాను. రక్తంలో ప్రోటీన్లని ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లంతో గడ్డకట్టించి వడకడతాం. వడకట్టిన నీళ్ళకి అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, ఏఎన్‌ఎస్‌ఏ అని మేం పిలుచుకునే ద్రావణం కొంచెం వేస్తే నీలం తేలుతుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. కలోరిమీటర్లో పెట్టి చదువుకోవడమే. మూడు గొట్టాలు: బ్లాంక్, స్టాండర్డ్, టెస్ట్. బ్లాంక్‌లో ఫాస్ఫరస్ ఉండదు కాబట్టి రంగు రాకూడదు. కిందటేడు ఒక బ్యాచ్‌లో అందరి బ్లాంకులూ నీలమయ్యాయి. పిల్లలు నా మొహం చూస్తున్నారు, నేను రియేజెంట్ సీసాల మొహం చూస్తున్నాను. చివరికి తేలిందేమిటంటే, కొత్తగా వచ్చిన అటెండరు గొట్టాలు తళతళలాడాలని బట్టల సబ్బు పౌడరుతో తోమాడు. ఆ పౌడర్లో ఫాస్ఫేట్ ఉంది. తొంభై ఏళ్ళు దాటిన పద్ధతి, గొట్టం అంచుకి అంటుకున్న సబ్బుని కూడా పట్టేసింది.

1925లో 'జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ'లో సైరస్ ఫిస్కే, సుబ్బారావు కలిసి రాసిన ఆ పేపరుకి సైటేషన్లు పదివేలు ఎప్పుడో దాటాయి. ఎందుకు దాటవు? డీఎన్ఏలో ఫాస్ఫేటుంది, కణాల పొరల్లో ఉంది, కండరంలో ఉంది, ఎన్నో ఎంజైముల పనే ఫాస్ఫేటుని తగిలించడమో ఊడదీయడమో. వీటిలో దేన్ని కొలిచినా కింద ఒక లైను రాయాలి: ఫిస్కే, సుబ్బారావు పద్ధతిన కొలిచాం అని. ప్రపంచంలో ఎక్కువసార్లు ఉదహరించిన పేపర్ల జాబితా 'నేచర్' 2014లో వేసినప్పుడు కూడా మొదటి స్థానంలో ఉన్నది ఏ మహాసిద్ధాంతమూ కాదు. ప్రోటీన్ ఎంత ఉందో కొలవడానికి లౌరీ 1951లో రాసిన పద్ధతి. మూడు లక్షల పైచిలుకు సైటేషన్లు. అదేమంత గొప్ప పేపరు కాదని లౌరీయే స్వయంగా ఒప్పుకున్నాడు. అంటే సైటేషన్ల సంఖ్య చెప్పేది ముఖ్యంగా ఒక సంగతి: ఈ గరిటె ఎంతమంది వంటింట్లో తిరిగింది అని.

క్యాన్సర్ రంగంలో ఇది మరీ విడ్డూరంగా ఉంటుంది. వైద్య పత్రికల్లో ఇంపాక్ట్ ఫ్యాక్టరు, అంటే పత్రికలో ఒక్కో పేపరుకి సగటున వచ్చే సైటేషన్ల లెక్క, పది దాటితే గొప్ప. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ వాళ్ళ 'సీఏ' అనే పత్రికకి 2020లో అది 500 దాటింది. అందులో ఏ మందూ కనిపెట్టలేదు. ఏటా ఎంతమందికి క్యాన్సర్ వచ్చింది, ఎంతమంది పోయారు అనే లెక్కలు వేస్తుంది. క్యాన్సర్ మీద ఎవరు ఏ పేపరు రాసినా మొదటి వాక్యం "ప్రపంచవ్యాప్తంగా మరణాలకు క్యాన్సర్ ఒక ప్రధాన కారణం" అనే ఉంటుంది. ఆ వాక్యం వెనక ఒక సైటేషన్ పెట్టాలి కదా, అది అక్కడికి పోతుంది. నేనూ పెట్టాను, మూడుసార్లు. చదివి పెట్టానా అని అడక్కండి.

ఇక క్యాన్సర్ మీద సుబ్బారావు గారు చేసిన పని దగ్గరికి వద్దాం. షీటులో నేను ఆగిపోయింది దానికి ఏ అంకె వెయ్యాలో తెలియకే.

2016లో మా తమ్ముడి కూతురికి ఆరేళ్ళప్పుడు ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్, అని తేలింది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం, ఏఎల్‌ఎల్ అంటారు. మొదటి నెలల సంగతి రాయను. తరవాత మెయింటెనెన్స్ అని ఒక దశ ఉంటుంది, రెండేళ్ళ పైమాట, ఎక్కువ భాగం ఇంట్లోనే మాత్రలు. రోజూ రాత్రి మెర్‌కాప్టోప్యూరిన్. వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్, దాని బరువుకీ ఎత్తుకీ లెక్కవేసి ఆరు మాత్రలు. చిన్నవి, పసుపుపచ్చనివి, పెసరగింజ కంటే కాస్త పెద్దవి. ఈ వారం మాత్రని పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుంది. మా మరదలు వెంకటేశ్వరస్వామి క్యాలెండరులో ప్రతి ఆదివారం మీదా కాటుకతో చుక్క పెట్టేది, మాత్రలు వేసిన తరవాతే చుక్క. ఒకసారి మందుల షాపు కుర్రాడు స్ట్రిప్పు మీద "రోజూ" అని రాసిచ్చాడు. ఆ చుక్కలే కాపాడాయి.

ఆ ఆదివారాల్లో ఒకరోజు చెప్పాను, ఈ పసుపు మాత్ర వెనక ఉన్నాయన మన భీమవరం ఆయనే అని. "నిజంగానా వదినా?" అని స్ట్రిప్పు తిప్పితిప్పి చూసింది, ఎక్కడైనా పేరుంటుందేమోనని.

ఫోలిక్ ఆమ్లం లేనిదే కణాలు డీఎన్ఏ తయారు చేసుకోలేవు, విభజన చెందలేవు. సుబ్బారావు గారు హార్వర్డ్ వదిలి 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలకి వెళ్ళాక, ఆయన నడిపిన బృందం ఆ ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. బోస్టన్‌లో పిల్లల ల్యుకేమియా చూస్తున్న సిడ్నీ ఫార్బర్, ఫోలిక్ ఆమ్లం జాతి పదార్థాలు ఇస్తే జబ్బు ఇంకా చెలరేగుతోందని గమనించి, దీన్ని అడ్డుకునేది కావాలన్నాడు. ఫోలిక్ ఆమ్లంలాగే కనిపిస్తూ కణాన్ని మోసం చేసే అణువు. లెడర్లీలో తయారైంది, అమినోప్టెరిన్. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. 1948 జూన్‌లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో ఫార్బర్ పేపరు వచ్చింది: 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందికి గుణం కనిపించింది, తాత్కాలికంగానే. ల్యుకేమియాని మందుతో వెనక్కి నెట్టవచ్చని ప్రపంచానికి తెలిసింది ఆ పేపరుతోనే. దానికి రచయితలు అయిదుగురు. సుబ్బారావు గారి పేరు వాళ్ళలో లేదు. రెండు నెలలు దాటగానే, ఆగస్టులో, 53 ఏళ్ళకి ఆయన పోయారు.

అమినోప్టెరిన్ తయారీ గురించి 1947లో రసాయనశాస్త్ర పత్రికలో వచ్చిన పేపరులోనూ ఆయన పేరు లేదు. 1949లో మెథోట్రెక్సేట్ గురించి వచ్చిన దాన్లోనూ లేదు. మా ఎక్సెల్ షీటు ఆయన్ని అడిగితే ఈ మూడింటికీ సున్నా. పదివేలు వచ్చేది సబ్బు మరక పట్టే పద్ధతికి.

ఇంకో ముక్క చెప్పాలి, ఇది చాలామందికి తెలియదు. ఆ ఇంట్లో రోజూ రాత్రి వేసిన రెండో మాత్ర, మెర్‌కాప్టోప్యూరిన్, గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ ఇద్దరిదీ. 1988లో నోబెల్ పంచుకున్నవాళ్ళు. ఆ హిచింగ్స్ 1930ల మొదట్లో పీహెచ్‌డీ చేసింది హార్వర్డ్‌లో అదే ఫిస్కే దగ్గర, సుబ్బారావు గారు పనిచేస్తున్న చోటే. మా మరదలి స్టీలు డబ్బాలో పక్కపక్క అరల్లో ఉన్న రెండు మాత్రల మూలాలు ఒకే ల్యాబు దాకా పోతాయి. ఈ బంధుత్వం ఏ సైటేషన్ మ్యాపులోనూ కనబడదు.

ఇప్పుడు మా బాబాయి ప్రవేశం. మంచివాడు, రిటైర్డ్ హెడ్మాస్టరు. పిల్లకి ఒంట్లో బాలేదని తెలిసి బస్సెక్కి వచ్చాడు, సంచిలో రెండు సీసాలు తెచ్చాడు. ఒకటి రక్తం పట్టే టానిక్కు. రెండోది పసుపులోంచి తీసే పదార్థం క్యాప్సూల్స్, కర్‌కుమిన్. దాంతోపాటు ప్రింటవుట్లు కూడా. "ఈయన అమెరికాలో పెద్ద క్యాన్సర్ సైంటిస్టు అమ్మా. పసుపు మీద వందల పేపర్లు. వేలమంది ఉదహరించారు. ఊరికే ఉదహరిస్తారా?"

ఆ పేరు నాకు తెలుసు. భరత్ అగర్వాల్, హ్యూస్టన్‌లో ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్లో పనిచేసినాయన. ప్రపంచంలో అత్యధికంగా సైటేషన్లు పొందిన పరిశోధకుల జాబితాలకెక్కాడు. ఆయన పేపర్లలో బొమ్మల గురించి అనుమానాలు చాలాకాలం నలిగాయి. సరిగ్గా మా బాబాయి సంచి సర్దుకున్న ఆ 2016లోనే ఒక్క పత్రిక ఒక్కసారిగా ఏడు పేపర్లు వెనక్కి తీసుకుంది, డేటా నమ్మదగ్గట్టు లేదని. మొత్తం మీద అలా రద్దయినవి ముప్పై దాకా తేలాయి. మరుసటి ఏడు రసాయనవేత్తలు కొందరు కర్‌కుమిన్ సాహిత్యమంతా తిరగేసి సమీక్ష రాశారు: మనుషుల మీద 120కి పైగా ట్రయల్స్ జరిగితే, ఉత్తుత్తి మాత్రతో పోల్చి, ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ డాక్టరుకీ తెలియకుండా జరిపిన పరీక్ష ఒక్కటి కూడా నెగ్గలేదని. పసుపుకి నేను వ్యతిరేకిని కాదు. మా ఇంట్లో పప్పు పచ్చగానే ఉంటుంది. నేను చెప్పేది ఆ అంకె గురించి. రద్దయిన పేపరుకి కూడా సైటేషన్లు వస్తూనే ఉంటాయి. గడపదాటి బయటికి పోయిన మాట మళ్ళీ వెనక్కి రాదు. మందలించడానికి ఉదహరించినా కూడికే, మెచ్చుకోవడానికి ఉదహరించినా కూడికే.

బాబాయికి ఇదంతా ఆరోజు చెప్పలేకపోయాను. డాక్టరు గారు వద్దన్నారని మాత్రం అన్నాం, అది నిజమే. ఆయన రెండు సీసాలూ వద్దన్నారు. టానిక్కు ఎందుకు వద్దన్నారో లేబులు చదివితే అర్థమైంది. అందులో ఫోలిక్ ఆమ్లం ఉంది. మెథోట్రెక్సేట్ ఏ దారి మూస్తుందో టానిక్కు ఆ దారి తెరుస్తుంది. విషమూ విరుగుడూ రెండింటి వెనకా ఒకే మనిషి నడిపిన ల్యాబు ఉంది. ఏది విషం, ఏది విరుగుడు అన్నది ఎవరి ఒంట్లో పడిందన్న దాన్ని బట్టి. గర్భిణులకి అంగన్‌వాడీలో ఇచ్చేదీ ఫోలిక్ ఆమ్లమే. సుబ్బారావు గారు లెడర్లీలో ఉండగా వచ్చిన డీఈసీ మాత్ర మన గోదావరి జిల్లాల్లో బోదకాలుకి ఇంటింటికీ పంచారు. అదీ సైటేషన్ కాదు. మింగినవాళ్ళు పేపర్లు రాయరు.

ఇక్కడిదాకా చదివి "సరేనమ్మా, అంకెలన్నీ అబద్ధం, షీటు చింపేద్దాం" అంటారేమో. నేను అనను. మా డిపార్ట్‌మెంట్లో ఈ వాదన వచ్చినప్పుడల్లా ఒక మిత్రురాలు గట్టిగా అడ్డుపడుతుంది. అంకెలు లేకపోతే ఏం చూసి ప్రమోషన్ ఇస్తారు, ఎవరి బావమరిదో చూసి కదా, అంటుంది. ఆమె మాటని కొట్టిపారేయలేను. సుబ్బారావు గారి కథే ఆమె తరఫు సాక్ష్యం. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టుకొచ్చినందుకు సర్జరీ ప్రొఫెసరుకి కోపమొచ్చి, ఎంబీబీఎస్ దక్కక, దానికంటే చిన్న పట్టా అయిన ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. చొక్కాని చూసి వేసిన మార్కు అది. హార్వర్డ్‌లో 1925 పేపరు ఉంది, కండరంలో శక్తి ఎక్కడ నిలవుంటుందో చూపించిన ఫాస్ఫోక్రియాటిన్ ఉంది, కణాలకి శక్తినందించే ఏటీపీ ఉంది. అయినా పదిహేడేళ్ళకి కూడా శాశ్వత ఉద్యోగం రాలేదు. ఫిస్కే అసూయతో ఆయన పనిని కొంత బయటికి రానివ్వలేదని తరవాత హిచింగ్స్ అన్నట్టు చాలాచోట్ల అచ్చయింది. సైన్స్ సైటేషన్ ఇండెక్స్ మొదలైంది 1964లో. అది 1935లోనే ఉండి, ఆ ఫాస్ఫరస్ పేపరుని ఎన్ని దేశాలవాళ్ళు వాడుతున్నారో ఎవరైనా కాగితం మీద పెట్టి ఉంటే, హార్వర్డ్ డీన్ ఎదుట ఆయన తరఫున మాట్లాడేది ఆ అంకె ఒక్కటే. ఆ అంకె హార్వర్డ్‌లో ఆయన్ని నిలబెట్టేది. అదే అంకె లెడర్లీలో పిల్లల ప్రాణాలు నిలబెట్టిన పనికి సున్నా వేసేది. రెండూ ఒకే మనిషికి. నా పేచీ ఇక్కడే. పద్ధతుల్ని కొలిచే తక్కెడతో మందుల్ని కూడా తూచి, వచ్చిన అంకె మనిషి విలువ అంటున్నాం.

ఆ సున్నాని అన్యాయం అని ఏడ్చే అలవాటు మనకుంది. ప్రతి జనవరి 12న, ఆయన పుట్టినరోజున, వాట్సాప్‌లో వస్తుంది, నోబెల్ దొంగిలించారని. ఏటీపీ ఘనత ఆయనకి దక్కలేదన్న సంగతిలో కోపం నాకూ ఉంది. కానీ 1947 నాటి అమినోప్టెరిన్ పేపరు రచయితల పేర్లు ఒకసారి చూడండి. సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్. 1949 దానిలో ఇంకో పేరు చేరింది, కొసులిచ్. మొదటి పేరు డోరిస్ సీగర్‌ది, ఒక మహిళ. ఆ అణువుని ఫ్లాస్కులో కట్టినవాళ్ళ పేర్లు ఆ పేపర్ల మీద ఉన్నాయి. పరిశోధనంతా నడిపించిన పెద్దాయన పేరు లేదు. మన దేశంలో ఇవాళ అలాంటి పేపరు ఒకటి చూపించండి. ల్యాబులో అడుగుపెట్టని హెచ్‌ఓడీ పేరు, అవసరమైతే ప్రిన్సిపాల్ గారి పేరు, కలోరిమీటరు అరువిచ్చిన పక్క డిపార్ట్‌మెంటు వాళ్ళ పేరు. ఆయన పేరు అక్కడ ఎందుకు లేదో కారణాలు ఏవైనా కావచ్చు. ఆ ఖాళీ మాత్రం నాకు దొంగతనంలా కనిపించడం లేదు. సీగర్ పేరు తెలిసిన తెలుగువాళ్ళు ఎంతమంది? మరిచిపోయారని ప్రపంచాన్ని తిట్టే మనం, మన మనిషి పక్క బల్ల మీద పనిచేసినావిడని ఎప్పుడు తలుచుకున్నాం?

నా వరుస సంగతీ చెప్తాను, లేకపోతే ఇదంతా ఊళ్ళోవాళ్ళ మీద విసుర్లవుతుంది. షీటులో నావి 19 పేపర్లు. నిజంగా నా చేతుల మీదుగా నడిచినవి ఎనిమిది. నాలుగింటికి లెక్కలు చూసిపెట్టాను. మిగతా ఏడింటిలో కొన్నింటికి పేరు పెట్టారని పేపరు అచ్చయ్యాక తెలిసింది; తీసెయ్యమని నేను రాయలేదు. నా అన్నింటికన్నా ఎక్కువ సైటేషన్లున్న పేపరు ఆ ఏడింటిలోదే. గొట్టాలు కడిగిన అటెండరు పేరు ఎక్కడా లేదు. ఇప్పుడు సబ్బు లేకుండా ఆమ్లంలో ముంచి, డిస్టిల్డ్ నీళ్ళతో మూడుసార్లు కడుగుతున్నాడు. మా బ్లాంకులు తెల్లగా వస్తున్నాయంటే ఆయన చలవే.

అయిదింటికి ఆ అదనపు వరుస చెరిపేసి షీటు పంపించేశాను.

మా మేనకోడలు ఇప్పుడు పదో తరగతి. ఈమధ్య సైన్స్ డేకి స్కూల్లో చార్టు వెయ్యమన్నారు. సుబ్బారావు గారి బొమ్మ వేసింది, కోటూ టైతో, పోస్టల్ శాఖ 1995లో వేసిన స్టాంపు చూసి. పైన పెద్ద అక్షరాలతో "నోబెల్ దక్కని తెలుగు తేజం". కింద పసుపు స్కెచ్చుతో ఆరు చుక్కలు, వరుసగా. అవేమిటో స్కూల్లో ఎవరికీ చెప్పలేదట. సీగర్ గురించి ఫోనులో చెప్పాను. అప్పటికే చార్టు నిండిపోయింది. కుడివైపు అడుగున, తన పేరు రాసుకున్న చోటుకి పైన ఇరికించి, సన్నటి పెన్నుతో "తయారుచేసినవారు: డోరిస్ సీగర్" అని రాసింది. మార్కులు వేసిన మేడం చార్టు తయారుచేసినవారనుకున్నారట. ఆ పేరు చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, పక్కన రాశారు: "ఈ అమ్మాయి ఏ సెక్షన్?"